రెండో పొయ్యి

జూన్ 2, 2003, సోమవారం

మా ఆయన పనిచేసే చిక్కపేట చీరల అంగడిలో ఏటా ఇచ్చే డైరీ ఇది. ఇన్ని నెలలూ బీరువా మీద దుమ్ము తింటూ పడుంది. ఇవాళ దించాను. ఎందుకంటే ఇవాళ్టి నుంచి నేను అధ్యక్షురాలిని. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు డైరీ రాస్తారని ఎక్కడో విన్నాను.

సంఘం పెట్టాం. కబ్బన్‌పేటలో చీర చెంగులకు కుచ్చులు కట్టే ఆడవాళ్ళం. చెంగు చివర వేలాడే పట్టుదారాల్ని పాయలు తీసి, ముడులు వేసి, కత్తిరించి సమం చెయ్యడం మా పని. ఇన్నాళ్ళూ దళారి వెంకటగిరియప్ప చీరలూ దారమూ తెచ్చి గుమ్మంలో పడేసేవాడు, కట్టాక చీరకింత అని ఇచ్చేవాడు. ఆ ఇంత ఎంత అన్నది ఆయన ఇష్టం. లోను వస్తే దారం మేమే కొనుక్కోవచ్చు, చీరలు కూడా నేరుగా ఇళ్ళ నుంచి తెచ్చుకోవచ్చు.

లోను ఇచ్చే సంస్థ నుంచి చైత్ర అనే అమ్మాయి వచ్చింది. కన్నడ పిల్లే గానీ వాళ్ళ అవ్వది కోలారట, తెలుగు బాగానే మాట్లాడుతుంది. బంగారం అక్కర్లేదు, ఇంటి పత్రాలు అక్కర్లేదు, ఐదుగురు ఒకరికొకరు పూచీ ఉంటే చాలు అంది. ఐదుగురం ఠీవిగా కూర్చున్నాం. నేను, వెనక వీధి గౌరమ్మ, ఆమె ఇరుగుపొరుగు ఇద్దరు, మా తోడికోడలు నాగలక్ష్మి. అప్పుడు ఆ పిల్ల అసలు మాట చెప్పింది.

"ఒక మనె నుంచి ఒక్కరే అక్కా. ఒక పొయ్యి అంటే ఒక మనె. మా రూల్సు అట్లుండాది."

మనె అంటే ఇల్లు. మా ఇంట్లో ఉన్నది ఒకటే పొయ్యి. దాని ముందు ఉన్నది నేను. నాగలక్ష్మి కాక ఐదో మనిషి ఈ చుట్టుపక్కల లేదు. పైగా మా అందరిలో చెయ్యి తిరిగింది ఆమెకే. నా ముడులు రెండు ఉతుకులకు వదులవుతాయి. నాకు బాగా వచ్చింది అధ్యక్షత ఒక్కటే.

జూన్ 3

ఉపాయం తట్టింది. ఇంటి వెనక మగ్గం గది ఉంది. మామగారు పోయాక మగ్గం అమ్మేసి గుంట పూడ్చాం, ఇప్పుడు అందులో పాత పరుపులు తప్ప ఏమీ లేవు. అక్కడ నాగలక్ష్మి, మరిది చంద్రశేఖర్, వాళ్ళ పాప వేరు కాపురం ఉన్నట్టు చూపిస్తే సరి. ఒక కిరోసిన్ స్టవ్వు, నాలుగు గిన్నెలు, గోడకు ఒక క్యాలెండరు. చైత్ర చూసి వెళ్ళిపోతుంది. సాయంత్రానికి స్టవ్వు అటకెక్కుతుంది.

మా ఆయనకు చెప్పాను. "లోను కోసరం ఇల్లు చీలుస్తావా?" అన్నాడు.

"చీల్చేదేడుంది? సుమ్నే, ఊరికే చీలినట్ల చూపించేది."

నాగలక్ష్మి కాదనలేదు, అవుననలేదు. స్టవ్వు నేను కొనుక్కొస్తానంటే మాత్రం, "వద్దక్కా, నేనే పోయి తెచ్చుకుంటా" అంది. మంచి పిల్ల. నాకు శ్రమ ఎందుకని.

జూన్ 9

చైత్ర వచ్చి చూసుకుని వెళ్ళింది. ఎంత బాగా జరిగిందో రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున్నే నాగలక్ష్మికి పాఠం చెప్పాను. ఆ పిల్ల ఉన్నంతసేపూ మనం పగవాళ్ళం, ముఖాలు చూసుకోకూడదు అని. ఆమె తలూపింది. చైత్ర ముందు నా వంటిల్లు చూసింది, తర్వాత మగ్గం గది చూసింది, స్టవ్వు ముందు వంగి మరీ చూసింది. అంతా అయ్యాక నడవలో నిలబడి, "ఎందుకు వేరైనారక్కా?" అంది.

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. "ఏదో, కాఫీపొడి కాడ మాటా మాటా వచ్చింది" అన్నాను.

"కాఫీపొడి కాదు మేడం" అంది వెనక నుంచి నాగలక్ష్మి. "ఈ ఇంటికొచ్చి పదకొండేండ్లాయ. ఈ పొద్దు ఏం వండేదని నన్ను ఒక్క దినం అడగలేదు. తరిగేదానికి, కడిగేదానికి నేను. మా పాపకి జ్వరమొస్తే గంజి కాచేదానికి కూడా అక్కని అడగాల."

నేనూ తగ్గలేదు. "ఏనాడన్నా వద్దన్నానా?"

"వద్దనేదానికి అడిగితే గదా. అడగాలంటేనే భయం నాకు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చైత్ర రాసుకోవడం ఆపి, "సాకు అక్కా, ఇంక చాలు" అని ఆమె భుజం తట్టింది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. ఇంత నటి మా ఇంట్లో బీన్స్ తరుగుతూ ఉందని నాకు తెలియనే తెలియదు.

చైత్ర వెళ్ళాక, "ఏం చేసినావే నాగూ! ఆ గంజి మాట ఎట్ల తట్టిందే నీకు?" అన్నాను. ఆమె ముఖం కడుక్కుని వచ్చి కత్తిపీట ముందు కూర్చుంది.

జూన్ 23

లోను వచ్చింది! దారం కొనడానికి అందరం కలిసి వెళ్ళాం. అరటిపూవు రంగు తీసుకుందామని నేనన్నాను, నాగలక్ష్మి చిలకపచ్చ అంది. అధ్యక్షురాలి మాట నెగ్గింది. దారిలో వెంకటగిరియప్ప ఎదురై మా చేతి సంచులు చూసి దగ్గాడు. ఆ దగ్గు వినడానికే లోను తీసుకోవచ్చు.

జూలై 4

స్టవ్వు ఇంకా అటకెక్కలేదు. చైత్ర ప్రతి సోమవారం లోను కంతు వసూలుకు గౌరమ్మ వాకిట్లో కూర్చుంటుంది. అక్కణ్ణుంచి ఎప్పుడైనా ఇటు తొంగి చూడొచ్చు. అందుకని సోమవారాలు మగ్గం గదిలో వండమన్నాను.

నాగలక్ష్మి రోజూ వండుతోంది. "మసి పట్టని స్టవ్వు చూస్తే ఎవురు నమ్ముతారక్కా?" అంది. ఎంత ముందుచూపో! నా శిక్షణ.

జూలై 15

అరటిపూవు దారం ఒక్క చీరకూ కుదరలేదు. చిలకపచ్చ అందరూ అడుగుతున్నారు.

జూలై 21

ఆరుగురికి ఎసరు పెట్టడం అలవాటైన చెయ్యి ఇది. వాళ్ళ ముగ్గురూ అటు తింటున్నా దీనికి బుద్ధి రాదు. ఎంత తగ్గిద్దామనుకున్నా అన్నం మిగులుతుంది. మర్నాడు పోపు వేసి నిమ్మకాయ పిండుతాను. ఇవాళ మా ఆయన పళ్ళెం ముందు కూర్చుని, "ఈ చిత్రాన్నం ఇంకెన్ని దినాలు?" అన్నాడు.

"లోను తీరేదాంకా" అన్నాను.

ఆగస్టు 7

రేపు వరమహాలక్ష్మి పండగ. ఊళ్ళో చీరలన్నీ మా వీధిలోనే ఉన్నాయా అన్నట్టుంది. నాగలక్ష్మి కుచ్చుల మధ్య ముత్యాల పూసలు ఎక్కించి కొత్త రకం కట్టింది. నాకు చెప్పకుండానే కట్టింది. ఇవాళ వచ్చినవాళ్ళంతా, "ఆ పూసలది, నాగలక్ష్మమ్మ కట్టిందే కావాల" అన్నారు. చీరలు మడతపెట్టి, చీటీలు గుచ్చి, ఎవరివి వాళ్ళకు ఇచ్చాను. అదీ ముఖ్యమైన పనే.

సెప్టెంబరు 18

మా అత్త సొన్నమ్మకు ఈ నాటకం గురించి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. లేక ఎక్కనట్టుంటుందో. పొద్దున నా దగ్గర తింటుంది, మధ్యాహ్నం కర్ర పట్టుకుని మగ్గం గదికి వెళ్ళి మళ్ళీ తింటుంది. చైత్ర ఎదురైతే, "నాకిద్దరు కోడండ్లు, రెండిండ్లు. పుణ్యం చేసుకున్నా" అని చెప్పింది. అంతవరకూ బాగుంది. నా దగ్గరకొచ్చి ఇంకో మాట చెప్పింది.

"చిన్నదాని చారు బాగుండాదే."

ముసలివాళ్ళకు నాలుక పనిచేయదు పాపం.

నవంబరు 12

ఇవాళ కూడా వాళ్ళు అక్కడే తిన్నారు. సోమవారం కాదు. చైత్ర ఊళ్ళోనే లేదు.

డిసెంబరు 9

మారతహళ్ళిలో ఫ్లాట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు నాగలక్ష్మిని రమ్మన్నారట, ఎవరిదో పెళ్ళి చీరలు. ఒక్కత్తే బస్సులో వెళ్ళింది. పదకొండేళ్ళలో ఆ పిల్ల నేను లేకుండా మెజెస్టిక్ బస్టాండు కూడా దాటలేదు. తప్పిపోతుందేమోనని నాలుగు గంటలకే కాఫీ డికాక్షన్ వేసి కూర్చున్నాను.

చీకటిపడే వేళకు రెండు సంచుల చీరలతో వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "అక్కా, వాళ్ళు కార్డులడిగినారు, మన పేరు అచ్చేసిన కార్డు ఉండాదా అని!" అంది. కాఫీ కలిపేలోపు వెనక్కి వెళ్ళిపోయింది. మగ్గం గదిలో కాఫీ వాసన వచ్చింది. నా రెండు గ్లాసులూ నేనే తాగాను.

జనవరి 1, 2004

కొత్త డైరీ. అధ్యక్షురాలు మాత్రం పాతదే.

ఫిబ్రవరి 20

చందాపుర నుంచి మా అమ్మాయి వచ్చింది. పెళ్ళయి వెళ్ళాక ఇంటి సంగతులు ఫోనులో వినడమే. మగ్గం గదికి వేసిన సున్నం, కొత్త తెర చూసి, "ఏమమ్మా, పిన్నీ వాళ్ళు వేరు పోయినారా?" అంది. నాటకమని అంతా వివరించి చెప్పాను. అది విని, వెళ్ళి పిన్ని దగ్గర భోంచేసి వచ్చింది.

జూన్ 7

ఆఖరి కంతు కట్టేశాం. ఒక్క వారం తప్పలేదు. చైత్ర మాకందరికీ మైసూర్‌పాకు తెచ్చింది. రెండో లోను ఇంకా పెద్దది ఇస్తారట, దాంతో వీధి చివర చిన్న గది అద్దెకు తీసుకుని అందరూ అక్కడే పని చేసుకోవచ్చని గౌరమ్మ, నాగలక్ష్మి అప్పుడే లెక్కలు మొదలుపెట్టారు. అందరూ వెళ్ళాక నేను చైత్రను పక్కకు పిలిచాను.

"రెండో లోనుకు కూడా పొయ్యిలు చూస్తారా?"

"లేదక్కా. మొదటిది సరిగ్గా కట్టిన సంఘానికి ఆ రూలు లేదు. ఒక మనెలో ఇద్దరున్నా పర్వాలేదు."

నా ప్రాణం లేచివచ్చింది. ఇంక దాచడమెందుకని, నవ్వుతూ అంతా చెప్పేశాను. అదంతా నాటకమనీ, స్టవ్వు కేవలం ఆమె కోసమే పెట్టామనీ.

ఆ పిల్ల కూడా నవ్వింది. "నాకు మొదటి దినమే తెలుసక్కా. స్టవ్వుకు అంగడి చీటీ అట్లే అంటుకోనుండింది."

"మరి ఎట్ల పాస్ చేసినావు?"

"స్టవ్వు కొత్తదే. గలాటె పాతది. అది విన్నంక రెండు మనెలే అని రాసేసినా."

మైసూర్‌పాకు నోట్లోనే ఉంది.

జూన్ 8

చైత్ర చిన్నపిల్ల. సంసారాల సంగతి ఆమెకేం తెలుసు? నాగలక్ష్మి ఆ రోజు నటించింది. నేనే కదా నేర్పాను.

ముఖాలు చూసుకోవద్దని మాత్రమే నేర్పాను.

జూన్ 10

అడిగేశాను. "నాగూ, ఇంక స్టవ్వు అటకెక్కిద్దాం. కిరోసిన్ దండగ. రేపట్నుంచి అంతా ఒకే తావున తిందాం."

ఆమె దారం పాయలు తీస్తూ తల ఎత్తలేదు. "ఉండనీలే అక్కా."

"ఎన్నాళ్ళు ఉండనిచ్చేది?"

"నాకు ఇట్లే బాగుండాదక్కా. పొద్దున్నే లేచి ఈ పొద్దు ఏం వండేదా అని ఆలోచన చేసుకుంటా. అది బాగుండాది." పాయకు ముడి వేసి, "కోపం చేసుకోవద్దు" అంది.

కోపమా? నాకెందుకు కోపం. నా పని సగం తగ్గింది. సంతోషంగా ఉంది.

జూన్ 11

సంతోషంగా లేదు.

జూన్ 14

చైత్ర రెండో లోను కాగితాలు ఇచ్చి వెళ్ళింది. మిగతా నలుగురూ సంతకాలు చేశారు. అధ్యక్షురాలి సంతకం లేకపోతే ఆఫీసులో తీసుకోరు. పెన్ను కనపడలేదని చెప్పాను. ఇది దేనితో రాస్తున్నావని నన్ను ఎవరూ అడగరు కాబట్టి సరిపోయింది.

జూన్ 28

పెన్ను ఇంకా కనపడలేదు.

జూలై 12

నాగలక్ష్మి పేరు మీద గ్యాస్ వచ్చింది. సిలిండరు మోసుకొచ్చినవాడు నా గుమ్మంలో నిలబడి, "నాగలక్ష్మి మనె యావుదు?" అని అడిగాడు. ఇదే ఇల్లు అన్నాను. నా వంటింట్లో దించబోయాడు. వెనక అని చేత్తో చూపించాల్సి వచ్చింది.

మధ్యాహ్నం మా ఆయన దగ్గర ఏడ్చాను. ఇల్లు రెండు ముక్కలైపోయిందన్నాను. ఆయన అన్నం కలుపుతూ, "చీలినట్ల చూపించమని నువ్వే గదా చెప్పినావు. బాగా చూపించినారు" అన్నాడు. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే పోట్లాడేదాన్ని.

నాకు భయమేస్తోంది. వంటిల్లు ఇంత పెద్దదని ఇన్నాళ్ళూ తెలియదు. తరిగే చప్పుడు లేదు, గిన్నెల చప్పుడు లేదు, ఏదో ఒకటి పురమాయించడానికి నోరు తెరుస్తాను, ఎదురుగా గోడ ఉంటుంది. నాగలక్ష్మి నా మీద కోపంతో పోయుంటే బతిమాలుకునేదాన్ని. ఆ పిల్లకు కోపం కూడా లేదు.

ఆగస్టు 2

గౌరమ్మ వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోంచే మొదలుపెట్టింది.

"ఏమ్మా అధ్యక్షురాలా, మీ ఇంటి పొయ్యి కాడ గలాటెకి మా నలుగురి లోను ఆపుతావా? అధిక శ్రావణం వచ్చిందని పండగ వెనక్కి పోయింది, బతికిపోయినాం. ఇంక మూడు వారాలుండాది. దారం ఏం పెట్టి కొనేది? మళ్ళా ఆ వెంకటగిరియప్ప కాళ్ళు పట్టుకునేదా?"

"పెన్ను..." అన్నాను.

ఆమె తన జాకెట్లోంచి ఒక పెన్ను తీసి నా ముందు పడేసింది. "నాగలక్ష్మి మాత్రం నిన్ను తొందర పెట్టొద్దు అంటాది. అక్క పెడతాది, టైము కావాల అంటాది. నాకు అంత ఓర్పు లేదప్పా."

సంతకం పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి. పెన్ను తీసుకుని గౌరమ్మ వెళ్ళిపోయింది.

ఆగస్టు 16

లోను వచ్చింది. గది అద్దెకు తీసుకున్నారు. పూజకు నన్నే కొబ్బరికాయ కొట్టమన్నారు. రంగులు నాగలక్ష్మినే ఎంచమన్నాను. నాకు ఆ దారాల మీద మోజు పోయిందని పైకి చెప్పాను.

ఆగస్టు 26

రేపు పండగ. ఏటా కలశం కూర్చేది నేనే, మా వంటింటి పక్క గదిలో. ఇవాళ నాగలక్ష్మి రాగి చెంబు తోముతోంది. నా చెంబు కాదు, కొత్తది. పొయ్యి వేరైతే కలశం కూడా వేరే పెట్టుకోవాలి కదా, అది పద్ధతే. ఆ పద్ధతి నాకూ తెలుసు. తెలిసి కూడా రెండుసార్లు నడవలోకి వెళ్ళి, అది నిజంగా కొత్త చెంబేనా అని చూసి వచ్చాను.

ఆగస్టు 27, శుక్రవారం

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నాగలక్ష్మి కుంకుమ భరిణె పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది. పట్టుచీర, తలలో మల్లెపూలు. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి నాకు బొట్టు పెట్టి, "పసుపు కుంకుమకు రా అక్కా" అంది.

ఒకే ఇంట్లో వాళ్ళను అలా పిలవరు. పరాయి ఇంటివాళ్ళను పిలుస్తారు. తలనొప్పిగా ఉంది, రాలేనని చెప్పాలనుకున్నాను. వస్తానన్నాను.

నాలుగడుగుల నడవ దాటి వెళ్ళాను. వాళ్ళ లక్ష్మి చక్కగా ఉంది. చిలకపచ్చ చీర కట్టి, చెంగుకు పూసల కుచ్చులు కట్టింది అమ్మవారికి. నన్ను పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకు పసుపు రాసింది. ఒళ్ళో తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ, రవిక గుడ్డ పెట్టింది. వీధిలో ఎన్ని ఇళ్ళల్లో తీసుకున్నానో ఇలాంటి రవిక గుడ్డలు. దీన్ని చూస్తే మాత్రం ఏడుపొచ్చింది. గుడ్డ మంచిదేనని పైకి అన్నాను.

తిరిగొచ్చి నా కలశం ముందు కూర్చున్నాను. గౌరమ్మ వచ్చింది, చైత్ర వచ్చింది, ఇంకా చాలామంది వచ్చారు. అందరికీ పసుపు రాశాను, తాంబూలాలు ఇచ్చాను. పళ్ళాలు అందించే చెయ్యి పక్కన లేదు కాబట్టి ప్రతిదానికీ నేనే లేచాను. అప్పుడు తట్టింది. ఇన్ని పండగల్లో నాగలక్ష్మి ఆ పళ్ళాలు అందిస్తూనే ఉంది. ఆమెకు నేను ఎన్నడూ తాంబూలం ఇవ్వలేదు. ఇంటి మనిషి కదా, ఎవరిస్తారు?

భరిణె తీసుకుని నడవ దాటాను. గడప అవతల నిలబడ్డాను. లోపలికి దూరిపోబోయిన కాలిని ఆపుకోవడం అంత సులువు కాదు. "నాగూ, పసుపు కుంకుమకు రావే" అన్నాను. ఆమె నా వైపు చూసి, చీర సర్దుకుని, పెద్ద ఇంటికి పేరంటానికి వెళ్తున్నట్టు వచ్చింది.

నా వంటింటి పక్క గదిలో, నా పీట మీద కూర్చుంది. ఆమె కూర్చుని, నేను నిలబడి ఉండటం ఈ ఇంట్లో ఇదే మొదలు. వంగి పసుపు రాశాను. సూదులు పొడుచుకున్న వేళ్ళు నా భుజం మీద ఆనించింది, నేను జారకుండా. దొన్నెలో సెనగ గుగ్గిళ్ళు పెట్టి ఇచ్చాను. ఇన్నేళ్ళూ నేనేం పెడితే అది నోరెత్తకుండా తిన్న పిల్ల, రెండు గింజలు నోట్లో వేసుకుని నమిలి నా వైపు చూసింది.

"ఉప్పు తక్కువుండాదక్కా" అంది.

నైవేద్యానికి చేసినవి, రుచి చూడకూడదు కదా, అని నోటిదాకా వచ్చింది. ఆగి, ఒక గింజ నోట్లో వేసుకున్నాను. తక్కువే. ఈ ఇంట్లో ఉప్పు తక్కువైందని నాకు చెప్పినవాళ్ళు ఇదివరకు ఎవరూ లేరు.

వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాను. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయంటారు, అందుకని ఆమె ముందు పెట్టాను. ఎంత వెయ్యాలో చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.